మసక లైట్ల బండిలో వలిసె పూలకు

కార్తీకం దాటాక లంబసింగి కొండ ఎక్కేవాళ్ళలో చాలామంది వలిసె పూలు చూడడానికి ఎక్కుతారు. మేము ఎక్కింది మా తేనెటీగలకు చూపించడానికి. నర్సీపట్నం నుంచి ఆ పూల మడికి బండిలో రెండు గంటల దారి. మాకు నాలుగు రోజులు పట్టింది. ఎందుకు పట్టిందని అడిగిన ప్రతివాళ్ళకీ చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయింది కాబట్టి, ఇంకా అడగనివాళ్ళ కోసం కూర్చుని రాస్తున్నాను.

మావారి పేరు సన్యాసిరావు. మాకు ముప్పై తేనెటీగల పెట్టెలు ఉన్నాయి. మాఘ ఫాల్గుణాల్లో జీడితోటలు పూసినప్పుడు వాటికి మైదానంలోనే పండగ. ఆ తరవాత పూలు పలచబడతాయి, చలికాలం వచ్చేసరికి పంచదార నీళ్ళు పెట్టి బతికించుకోవలసిందే. అదే సమయంలో పైన ఏజెన్సీలో వలిసె పూస్తుంది. పసుపు దుప్పటి పరిచినట్టు కొండవాలు అంతా పూలే. ఆ పూత నెలా నెలన్నర. ఆలోగా పెట్టెలు ఎక్కించాలి.

ఈగల్ని పగలు కదపకూడదు. మేతకు పోయినవి పొద్దుగూకాక ఇల్లు చేరుతాయి. అన్నీ చేరాక గుమ్మానికి ఇనప జాలీ బిగించి, చల్లటి వేళలో బండిలో తీసుకుపోయి, ఎండ పడకముందే దించి జాలీలు తీసేయాలి. ఆలస్యమైతే లోపల ఉడికిపోతాయి. అంటే మా ప్రయాణం ఎప్పుడూ చీకట్లోనే. చీకట్లో పోయే బండికి ఏం కావాలో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు.

నర్సీపట్నం

మాది పికప్పు బండి. కిందటేడు షోరూం నుంచి కొత్తగా తెచ్చుకున్నాం. ఇంజను బాగుంటుంది, గేర్లు మెత్తగా పడతాయి. లైట్లు మాత్రం అడిగితే కాదనలేక పెట్టినట్టు ఉండేవి. పొద్దు పోయాక బయల్దేరితే ఎవరో మా ముందు బుడ్డి దీపం పట్టుకుని నడుస్తున్నట్టు ఉండేది.

లోపం లైట్లలో ఉందని మావారు, మావారి కళ్ళలో ఉందని నేను. ఒకసారి బలిఘట్టం దగ్గర రోడ్డు మీద పడుకున్న గేదెకు ఆయన హారను కొట్టి కొట్టి, చివరకు దిగి అదిలించబోతే అది గడ్డిమోపు. వారం తిరక్కుండా ఇంకో గడ్డిమోపును పక్కనుంచి తప్పించబోతే అది లేచి నిలబడి మా వంక చూసింది.

"కళ్ళజోడు పెట్టించుకోండి," అన్నాను.

"నా కళ్ళకేటయింది? సీకట్లో సూది సూపించు, దారం ఎక్కిస్తాను," అన్నారు. చీకట్లో సూది నేనెలా చూపించాలో అడగలేదు. ఆయన కోపంలో ఉన్నారు.

మర్నాడు ఆయన బజారుకెళ్ళి బండ్ల అలంకరణ సామాన్లు అమ్మే ఒక దుకాణంలో రెండు వేల ఐదు వందలు పోసి తెల్లటి ఎల్‌ఈడీ బల్బులు వేయించుకొచ్చారు. మా ఇంటి ముందు ఆపి వెలిగించారు. ఎదురింటివాళ్ళ గోడ మీద సున్నం పెచ్చులతో సహా కనిపించింది. ఎదురింటావిడ బయటికొచ్చి, మా ఇంట్లో ఏమైనా శుభకార్యమా అని అడిగింది. మావారు నా వైపు తిరిగి మీసం సవరించుకున్నారు. లోపం లైట్లదేనని నేను ఒప్పుకున్నాను. ఆ మాట చెప్పకపోతే అన్యాయం.

కోటవురట్ల

మా పెట్టెలు కోటవురట్ల దగ్గర రమణమ్మ గారి జీడితోటలో ఉంటాయి. ఆవిడకు అరవై దాటాయి, ఒక్కరే తోట చూసుకుంటారు. తోటలో చోటిచ్చినందుకు ఏడాదికి రెండు సీసాల తేనె తీసుకుంటారు. మాటలు తక్కువ, ఉన్న కాసినీ చురుక్కుమంటాయి.

పొద్దుగూకాక జాలీలు బిగించాం. ముప్పై పెట్టెలూ ఎక్కించి తాళ్ళతో కట్టేసరికి బండి వెనక భాగం కిందికి దిగి, ముందు భాగం ముక్కు ఎత్తింది. మావారు లైట్లు వేశారు. ఎదురుగా రోడ్డు లేదు. పైన కొబ్బరి చెట్ల తలలు మాత్రం ఆకు ఆకూ కనిపిస్తున్నాయి.

రమణమ్మ గారు తల పైకెత్తి చూశారు. "మంచి లైట్లే బాబూ. కాయలు దింపించేటప్పుడు కబురెడతాను, బండి తెద్దురుగాని," అన్నారు.

రోడ్డెక్కాక అసలు సంగతి తెలిసింది. ఎదురొచ్చే ప్రతి బండీ లైట్లు ఆర్పి వెలిగించి మమ్మల్ని తిట్టింది. బస్సు ఒకటి మా పక్కనే ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "పెళ్ళికొడుకు ఎనకాల వొస్తన్నాడేటండీ?" అని అడిగి పోయాడు. మావారు డిమ్ము వేశారు. డిమ్ము వేసినా తేడా లేదు. ఆ బల్బులకు ఒకటే మాట తెలుసు.

ఇంకో అర కిలోమీటరు పోయామో లేదో, మోపెడ్ మీద పాల క్యాన్లతో వస్తున్న ఒక పెద్దాయన మా వెలుగులో ఒక్కసారిగా తెల్లగా మెరిసి మాయమైపోయాడు.  బండి ఆపి పరుగెత్తాం. ఆయన కోసిన వరిమడిలో నిలబడి పంచె దులుపుకుంటున్నాడు. ఒంటికేమీ కాలేదు. ఒక క్యాను మూత ఊడి పాలన్నీ మట్టిలో ఇంకిపోతున్నాయి.

మావారు చేతులు జోడించారు. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కళ్ళు నులుముకుంటూ, "పాలు పోతే పోనీండి బాబూ. గాని అవి లైట్లేనా? నాను కళ్ళు మూసుకున్నా కనిపిస్తన్నాయి," అన్నాడు.

డబ్బు తీసుకోనన్నాడు. బండిలో ఉన్న తేనె సీసా ఇచ్చి, మోపెడ్ రోడ్డెక్కించి పంపాం. తరవాత మావారు స్టీరింగు ముందు కూర్చున్నారు కాని లైట్లు వేయలేకపోయారు. నాకూ వేయమని అనబుద్ధి కాలేదు.

వెనక్కి తోటకు రెండు కిలోమీటర్లు. చిన్న పార్కింగ్ లైట్లు వేసుకుని ఆయన మొదటి గేరులో తోలుతుంటే, నేను ఫోను లైటు పట్టుకుని బండి ముందు నడిచాను. ముప్పై ఇళ్ళ ఈగలు మా వెనక గుయ్యిమంటున్నాయి. దారిలో ఒకావిడ అరుగు మీంచి, "ఏటమ్మా, బండికి పలుపు కట్టి తోలుకెళ్తన్నావా?" అని అడిగింది. అవునన్నాను.

పెట్టెలన్నీ మళ్ళీ ఎక్కడివక్కడ దించాం. ఈగలు తమ చోటు గుర్తుపెట్టుకుంటాయి, అడుగు అటూ ఇటూ అయినా తికమకపడతాయి. తెల్లారి జాలీలు తీసి చూస్తే ప్రతి పెట్టె అడుగునా పిడికెడు చచ్చిన ఈగలు. కుదుపుకు, ఉక్కకు పోయాయి. రెండు పెట్టెల్లో రెండు పిడికెళ్ళు. మావారు వాటిని ఆకులో ఎత్తి జీడిచెట్టు మొదట్లో పోశారు. టిఫిను తినలేదు.

పాయకరావుపేట

తాండవ నది వంతెన ఎక్కే చోట మస్తాన్ గారనే ఆటో ఎలక్ట్రీషియన్ ఉన్నారని రమణమ్మ గారే చెప్పారు. లోడు లేని బండితో మర్నాడు పొద్దున్నే వెళ్ళాం. రేకుల షెడ్డు, ఒక బల్ల, గోడ నిండా వేలాడే వైర్లు. మస్తాన్ గారు సన్నటి మనిషి, తెల్ల గడ్డం. ముందు మా ఎల్‌ఈడీ బల్బులు ఊడదీసి నా చేతిలో పెట్టారు.

"ఇయ్యి ఎవరైనా నచ్చనోళ్ళకి ఇవ్వండమ్మా," అన్నారు.

పాత బల్బులు పెట్టి, ఇంజను స్టార్టు చేయించి, మీటరు తీశారు. బ్యాటరీ దగ్గర పెట్టి అంకె చూపించారు. పద్నాలుగు వోల్టులకు దగ్గర. బల్బు దగ్గర పెట్టి చూపించారు. పదకొండు కూడా లేదు.

"మిగిలిందేటైపోయింది?" అని మావారు అడిగారు, ఎవరో జేబులోంచి కొట్టేసినట్టు.

"దారిలో అయిపోయిందండి. ట్యాంకు నిండుగా ఉన్నాది. గొట్టం సన్నం. ఈ వైరు స్విచ్చు దాకా ఎళ్ళి, అక్కణ్ణుంచి ఎనక్కొచ్చి, అప్పుడు బల్బుకొస్తాది. అంత దూరం తిరిగొచ్చినోడు పనేటి సేస్తాడు?" అన్నారు. బ్యాటరీ నుంచి నేరుగా బల్బుకు లావు వైరు లాగుతారట. మధ్యలో రిలే అని అగ్గిపెట్టె అంత డబ్బా పెడతారట. స్విచ్చు ఆ డబ్బాకు సైగ చేస్తే చాలు, కరెంటు దగ్గర దారిన వస్తుంది. ఇది నాకు అర్థమైంది. మా పుట్టింట్లో ఏ పని కావాలన్నా మా నాయనమ్మ దాకా వెళ్ళి రావలసి వచ్చేది.

మావారికి పట్టరాని సంతోషం. "అంటే నా కళ్ళు కాదు," అన్నారు మస్తాన్ గారితో, నాకు వినపడేలా.

"మీ కళ్ళ సంగతి నాకెలా తెలుస్తాదండి? అదిగో, అవతల టీ కొట్టు మీద బోర్డు. సదవండి."

మావారు చదివారు. టీ కొట్టు పేరు, కింద చిన్న అక్షరాల్లో ఉన్న ఫోను నంబరు కూడా చదివారు. నేను అటు చూశాను. బోర్డు ఉంది, నీలం రంగులో ఉంది. దాని మీద చీమల బారు లాంటిదేదో ఉంది.

"మీరు సదవండమ్మా," అన్నారు మస్తాన్ గారు, వైరు ఒలుస్తూ.

నేను నీలం రంగు బాగుందన్నాను. ఇద్దరూ నా వైపు చూశారు. నేను బండి కొన్నప్పుడే లైసెన్సు తీసుకున్నాను. పగటిపూట అనకాపల్లి దాకా నాలుగుసార్లు తోలాను కూడా. ఆ దారిలో నాకు ఎదురొచ్చిన వాళ్ళందరికీ ఇక్కడే క్షమాపణ చెప్పుకుంటున్నాను.

తుని

పనికి మూడు గంటలు పడుతుందన్నారు. ఈలోగా వంతెన దాటి తుని వెళ్ళాం, నా కళ్ళ కోసం. మావారు దారి పొడుగునా బోర్డులు పైకి చదువుతూ నడిచారు. వంతెన దాటితే నీళ్ళు అవే, ఎండ అదే, మాటే మారిపోతుంది. ఇవతల మేము "ఏటి" అంటే అవతల "ఏంటండీ" అంటారు. కళ్ళజోళ్ళ దుకాణం కుర్రాడు ప్రతి మాటకూ ఒక "అండీ" చొప్పున వాడాడు. "కుడి కన్నండీ, మూయండీ, ఇప్పుడు చదవండీ." మా వైపైతే ఈ మర్యాదకు సంబంధం కుదుర్చుకోవడానికి వచ్చాడనుకుంటారు.

భోజనానికి ఒక చిన్న మెస్సులో కూర్చున్నాం. అక్కడ పప్పులో దోసకాయ ముక్క పెద్దది వేస్తారు, మనం అడక్కుండానే నెయ్యి వేస్తారు. వడ్డించినాయన మావారిని మూడుసార్లు బతిమాలితే ఈయన మూడుసార్లూ సరేనన్నారు. తొంభై రూపాయలకు ఇంత తిని బయటికొస్తే ఎవరో అత్తవారింటి నుంచి వస్తున్నట్టు ఉంది.

సాయంత్రానికి కళ్ళజోడు వచ్చింది. పెట్టుకుని మొదట మావారిని చూశాను. చాలాసేపు చూశాను.

"ఏటి?" అన్నారు.

"మీ మీసం నల్లగా ఉంటాదనుకున్నాను."

ఆ తరవాత ఆయన బోర్డులు చదవడం మానేశారు.

మస్తాన్ గారు బండి సిద్ధం చేసి ఉంచారు. బంపరు కింద రెండు చిన్న పసుపు లైట్లు కూడా బిగించారు, మోకాలి ఎత్తులో. "మంచులో పెద్ద లైటేస్తే పాలలో దీపం ఎట్టినట్టుంటాదమ్మా, ఏటీ కనపడదు. పెద్దవి డిమ్ములో ఎట్టి, ఇయ్యి ఎలిగించండి. కింద నుంచి రోడ్డు సూపిస్తాయి." ఆ తరవాత మావారి చేతిలో ఒక స్క్రూడ్రైవరు పెట్టారు. "ఆఖరి పని మీదే. లోడెక్కించి, గోడకి పాతికడుగుల దూరంలో ఆపి, ఎలుగు గోడ మీద ఎక్కడ పడతందో సూసి, ఈ మర తిప్పి కిందకి దించాలి. ఖాళీ బండికి నాను దించినా లోడెక్కితే మళ్ళీ కొబ్బరి సెట్లే."

ఈయనకు కొబ్బరి చెట్ల సంగతి ఎవరు చెప్పారా అనుకున్నాను. లోడు బండ్ల లైట్లన్నీ చెట్ల మీదికే చూస్తాయట.

మళ్ళీ కోటవురట్ల

మూడో రోజు పొద్దుగూకాక మళ్ళీ జాలీలు, మళ్ళీ తాళ్ళు. రమణమ్మ గారి మోటారు షెడ్డు గోడకు ఎదురుగా బండి ఆపాం. లైట్లు వేయగానే రమణమ్మ గారు కూడా "ఓలమ్మ" అన్నారు. అవే బల్బులు. కాని ఇప్పుడు వెలుగు గోడ మీద అంచు కట్టి నిలబడింది, గీత గీసినట్టు. ఆ గీత మాత్రం షెడ్డు కప్పు దగ్గర ఉంది. దాన్ని మా నడుము కన్నా కిందికి దించాలి. ఒక్కో లైటూ విడిగా దించాలి కాబట్టి రమణమ్మ గారు ఎడమ లైటుకు గోనెపట్టా అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. నేను గోడ మీద బొగ్గుతో గీత గీసి, "ఇంకా, ఇంకా" అంటున్నాను. మావారు బానెట్టులో తల దూర్చి మర తిప్పుతున్నారు.

ఒక పెట్టెకు జాలీ సరిగ్గా బిగుసుకోలేదని అప్పుడు తెలిసింది. చీకట్లో ఈగకు లైటు కనిపిస్తే అటే వస్తుంది. పది పదిహేను ఈగలు కుడి లైటు మీద వాలి నడుస్తున్నాయి.

"లైటార్పేస్తాను," అన్నాను.

"ఆర్పితే గీత ఎలా కనిపిస్తాది? అవి మన ఈగలే, ఏటీ సెయ్యవు," అన్నారు మావారు. కుడి లైటు సరిగ్గా దించారు. రెండోది కూడా దించారు. లేచి నిలబడి గోడను చూసి, "సూడు, ఎంత సమంగా ఉన్నాదో," అంటుండగా మా ఈగల్లో ఒకటి ఆయన కుడి కనురెప్ప మీద కుట్టింది.

నేను ముల్లు గోటితో గీకి తీశాను. రమణమ్మ గారు చల్లటి నీళ్ళ గుడ్డ వేశారు. గంటలో ఆ కన్ను వడియంలా ఉబ్బి మూసుకుపోయింది. మూడు రోజులుగా ఎవరి కళ్ళు మంచివని వాదించుకున్నామో అందరికీ గుర్తుంది. 

తెల్లవారుజామున బయల్దేరాలి. ఒంటి కన్నుతో ఆయన ఘాట్ రోడ్డు ఎక్కితే నేను బండి ఎక్కనని చెప్పేశాను. పెట్టెలు మళ్ళీ దింపితే ఇంకెన్ని పోతాయో తెలియదు, రాణి ఈగలు తట్టుకుంటాయో లేదో తెలియదు. రమణమ్మ గారిని అడిగితే సైకిలు కూడా రాదన్నారు.

చివరకు మావారే అన్నారు. "నువ్వే తోలు."

"ఘాట్లో నేనెప్పుడూ తోలలేదు."

"నాను పక్కనుంటాను కదా. ఒక కన్నుంది."

రమణమ్మ గారు మంచం మీద గోనెపట్టా మడుస్తూ, "మూడు కళ్ళు, నాలుగు లైట్లు. సాలు, పడుకోండి," అన్నారు.

నాకు నిద్ర పట్టలేదు. బండి వెనక చెయ్యి పెట్టి చూశాను. పెట్టెలు వెచ్చగా ఉన్నాయి, లోపల సన్నగా మోగుతున్నాయి.

డౌనూరు

నర్సీపట్నం దాటి డౌనూరు చేరేదాకా రోడ్డు చదును. మొదటి పది నిమిషాలు భయపడ్డాను, తరవాత భయపడడం మరిచిపోయాను. రోడ్డు అంచు, తెల్ల గీత, దూరంగా మలుపు దగ్గర పడుకున్న కుక్క, అన్నీ వేటికవి కనిపించాయి. ఎదురొచ్చిన లారీకి డిమ్ము కొడితే అతనూ కొట్టాడు. మావారు అది నా గొప్పతనం కాదన్నట్టు, "రిలే," అన్నారు.

ఘాట్ మొదలయ్యే ముందు టీకి ఆగాం. కొట్టావిడ శాలువా కప్పుకుని గ్లాసులు కడుగుతోంది. మావారి ముఖం చూసి, నా ముఖం చూసి, స్టీరింగు వైపు నుంచి దిగింది నేనని గమనించి, నాకు మర్యాదగా స్టూలు జరిపింది.

"మీరే కొట్టీసేరేటమ్మా?" అని మెల్లగా అడిగింది.

"ఈగ కుట్టింది," అన్నాను.

"అందరూ అలాగే సెప్తారు," అని మావారికి అల్లం ఎక్కువ వేసి ఇచ్చింది. టీ పది రూపాయలు. పైన ఇదే గ్లాసు ఇరవై అని, చలికి కూడా డబ్బులు తీసుకుంటారని చెప్పింది. పైన మంచు బాగా దిగిందనీ, వైజాగు నుంచి వచ్చే కార్లు ఈ వేళకే వరసగా ఎక్కుతాయనీ కూడా చెప్పింది.

ఘాట్ రోడ్డు

మొదటి నాలుగు మలుపులు బాగానే ఎక్కాను. అయిదో మలుపులో లోకం అయిపోయింది. తెల్లగా గోడ. లైటు ఎంత ముందుకు పోవాలో అంత వెనక్కి వచ్చి మా ముఖాన కొట్టింది.

"డిమ్ము. డిమ్మెయ్యి. పసుపువి ఎయ్యి," అన్నారు మావారు.

వేశాను. గోడ కాస్త పైకి లేచినట్టయింది. దాని కింద, బండికి ముందు పది పన్నెండు అడుగుల మేర తారు రోడ్డు పసుపుగా బయటపడింది. ఎడమ పక్క తెల్ల గీత, దాని పక్కన గడ్డి, ఆ పక్కన ఏమీ లేదు. ఆ ఏమీ లేనిది లోయ. రెండో గేరులో, నడిచే మనిషి దాటిపోయేంత మెల్లగా, ఆ గీత పట్టుకుని పోయాను. కళ్ళజోడుకు ఆవిరి పడితే మావారు చెయ్యి చాచి తువ్వాలుతో తుడిచారు. ఆయన తుడిచేది ఒక కన్నుతో చూసి కాబట్టి ఒకసారి ముక్కు కూడా తుడిచారు.

ఒక చోట బస్సు దిగుతోందని ఆపాను. ఏటవాలు మీద మళ్ళీ కదపబోతే ఇంజను ఆగిపోయింది. స్టార్టు చేశాను, మళ్ళీ ఆగింది. బండి అడుగు వెనక్కి జారింది. ముప్పై పెట్టెలూ ఒక్కసారి గట్టిగా మోగాయి. వెనక ఎవరో హారను కొట్టారు. 

"నావల్ల కాదండీ," అన్నాను.

మావారు దిగిపోయారు. వెనక చక్రం కింద రాయి పెట్టిన చప్పుడు వినిపించింది. తిరిగొచ్చి నా పక్క కిటికీ దగ్గర నిలబడి, "రాయి పెద్దదే. బండి ఎక్కడికీ పోదు. తీరిగ్గా తియ్యి," అన్నారు. హ్యాండ్‌బ్రేకు పట్టుకుని, క్లచ్చు సగం వదిలి, ఇంజను మూలిగాక బ్రేకు వదిలాను. బండి కదిలింది. ఆపితే మళ్ళీ ఆగిపోతుందని ఆపలేదు. ఆయన రాయి తీసి పక్కన పడేసి, యాభై ఏళ్ళ మనిషి, పరుగెత్తుకుంటూ వచ్చి ఎక్కారు.

అప్పుడు అద్దంలో చూశాను. మా వెనక ఒక కారు. దాని వెనక ఇంకోటి. మలుపు తిరిగేటప్పుడు లెక్కపెడితే తొమ్మిది. ముందుకు పోయే దారి ఉన్నచోట కూడా ఎవరూ దాటలేదు. మా బండి వెనకున్న ఎర్ర లైట్లనే గుర్తుగా పట్టుకుని వస్తున్నారు.

వలిసె మడి

లంబసింగి దాటి, చింతపల్లి దారిలో ఎడమకు మట్టి రోడ్డు. అక్కడ బొంజుబాబు అనే రైతు మడి. కిందటేడు ఆయనే చోటిచ్చారు. మట్టి రోడ్డు చివర టార్చి పట్టుకుని నిలబడి ఉన్నారు. నేను మడి అంచున బండి ఆపాను. వెనక తొమ్మిది కార్లూ వరసగా ఆగాయి.

తలుపులు తెరుచుకున్నాయి. ఉన్ని టోపీలు, శాలువాలు, ఫోన్లు. మంచు అప్పుడే పలచబడుతోంది. పసుపు పూలు బయటపడుతుంటే అందరూ ఫొటోలు మొదలుపెట్టారు. బొంజుబాబు నా దగ్గరికొచ్చి, "ఇంతమందిని తెచ్చేరేటమ్మా? అంబలి సరిపోదు," అన్నారు దిగులుగా.

"నేను తేలేదు బాబూ. వాళ్ళే వొచ్చేరు."

ఎర్ర టోపీ పెట్టుకున్న ఒకమ్మాయి వచ్చి, "ఆంటీ, సన్‌రైజ్ పాయింట్ ఇదేనా?" అని అడిగింది.

"సూర్యుడు ఇటే వొస్తాడమ్మా," అన్నాను. అబద్ధం చెప్పలేదు.

"ఇవేంటి, స్ట్రాబెర్రీలా?" అని ఒకాయన పెట్టెల మీద చెయ్యి వేశాడు. లోపలి మోత చేతికి తగిలిందేమో, మెల్లగా తీసేశాడు. మావారు వాళ్ళందరినీ కార్లలో కూర్చోమని మర్యాదగానే చెప్పారు. ఆయన వాచిన ముఖం చూశాక ఎవరూ కారణం అడగలేదు. తొమ్మిది కార్ల అద్దాలూ పైకెక్కాయి.

బొంజుబాబు, మేము కలిసి పెట్టెలు దించాం. ఎండ మొదటి ముక్క కొండ మీంచి పడుతుండగా జాలీలు తీశాం. కాసేపు ఏమీ లేదు. తరవాత ఒక్కొక్కటే గుమ్మంలోకి వచ్చి, గాలిలో చిన్న సున్నా చుట్టి, చోటు గుర్తుపెట్టుకుని, పూల మీదికి పోయాయి. ముప్పై పెట్టెల్లో ముప్పైకీ ప్రాణం ఉంది. నేను పెట్టె పెట్టెకూ వంగి చూశాను. కార్లలోంచి అద్దాలకు ముక్కులు ఆనించి వాళ్ళూ చూశారు. తరవాత ఒక్కొక్క కారూ వెనక్కి తిరిగి పోయింది. ఎర్ర టోపీ అమ్మాయి అద్దం వేలెడు దించి, "థాంక్స్ ఆంటీ, మీ లైట్లు లేకపోతే పైకి వచ్చేవాళ్ళం కాదు," అంది. రిలే గురించి చెబుదామనుకునేలోపు కారు కదిలింది.

బొంజుబాబు భార్య కాంతమ్మ చోడి అంబలి, అంటే రాగి జావ, కాల్చిన ఎండుచేప, వెనక పెరట్లో పండిన కాఫీ గింజలతో కాచిన కాఫీ ఇచ్చింది. మా వైపు కాఫీ అంటే పాలు. ఇక్కడ కాఫీ అంటే కాఫీ. బొంజుబాబు తండ్రి నిప్పుల దగ్గర కూర్చుని పెట్టెల్ని తేరిపార చూశాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు పొగబెట్టి కొండ తేనె తీసినవాడు. ఈగల్ని బండెక్కించి తేవడం ఆయనకు ఎంతకీ మింగుడుపడలేదు.

"రెక్కలున్నాయి కదా. సెప్తే అవే వొస్తాయి కదా," అన్నాడు.

ఆ మంచులో బండి ఎవరు తోలారని బొంజుబాబు అడిగారు. మావారు అంబలి గిన్నె కింద పెట్టారు. "మాయావిడ," అన్నారు. "నాను రాయెట్టేను."

తిరుగు దారి

ఆ రాత్రి కాంతమ్మ గారింట్లోనే పడుకున్నాం. మర్నాటికి మావారి కన్ను తెరుచుకుంది. అద్దంలో చూసుకుని, రెండు కళ్ళూ మార్చి మార్చి మూసి దూరంగా కొండ మీది చెట్లు లెక్కపెట్టుకుని, బాగానే ఉందని ప్రకటించారు. నేను సంచులు సర్ది, కాంతమ్మ కట్టిచ్చిన రాజ్మా మూట పట్టుకుని ఎడమ పక్క తలుపు దగ్గర నిలబడ్డాను.

ఆయన డ్రైవరు పక్క తలుపు తీశారు. సీటు నేను ముందుకు లాక్కున్నది లాక్కున్నట్టే ఉంది, నా కాళ్ళకు సరిపోయేలా. దాన్ని వెనక్కి తోసే మీట మీద చెయ్యి పెట్టి, కాసేపు అలాగే వంగి ఉన్నారు. తరవాత చెయ్యి తీసేసి, తలుపు తెరిచే ఉంచి, బండి చుట్టూ తిరిగొచ్చి నా చేతిలో మూట తీసుకున్నారు.

"బేగి ఎక్కు. ఎండెక్కితే కార్లొచ్చేస్తాయి," అని ఎడమ సీట్లో కూర్చుని, మూట ఒళ్ళో పెట్టుకున్నారు.